మనింటి మనిషి ఫోటో

దారాల కొట్టు ముసలాయన తను మంచి మాటే అన్నాననుకున్నాడు, పాపం. నల్ల దారపు ఉండలు రెండు కాగితంలో చుడుతూ, "మేడత్తా, ఫోటో చూశానమ్మా. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, అది విగ్గంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదనుకో! ఏం పనితనం తల్లీ!" అన్నాడు.

"ఏ ఫోటో?" అంది మేడత్త.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, ఫోను తీసి, మేడత్తవాళ్ళ విగ్గుల కొట్టు పేజీ చూపించాడు. తెర మీద మేడత్తలు ఇద్దరు పక్కపక్కనే ఉన్నారు. కుడివైపు ఆవిడకు వెనక్కి దువ్వి ముడేసిన జుట్టు, చెవుల దగ్గర కాస్త నెరిసింది. ఎడమవైపు ఆవిడ తల మీద ఒక్క వెంట్రుక లేదు. కనుబొమలు కూడా లేవు. కింద పెద్ద పెద్ద అక్షరాలతో 'ముందు', 'తర్వాత' అని రాసి ఉంది.

మేడత్తకు తల కొట్టేసినట్టయింది. దారం సంగతి మరిచిపోయి కొట్టు మెట్లు దిగేసింది. ఇంటికి నాలుగు వీధులు నడవాలి. ఆ నాలుగు వీధుల్లోనూ ఎదురొచ్చిన ప్రతి మనిషీ తన కళ్ళలోకి కాకుండా వేలెడు పైకి చూస్తున్నట్టే అనిపించింది.

ఒక్క ఫోటోకే ఇంత రభసా అని మీరు అనుకోవచ్చు. అందుకని అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మేడత్తకు పందొమ్మిదో ఏట జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, పోతూ పోతూ జుట్టు పట్టుకుపోయింది. మూడు నెలలు తిరిగేసరికి దువ్వెన పెట్టడానికి తల మీద ఏమీ మిగల్లేదు. వాళ్ళ నాన్న నాటకాలవాళ్ళకు విగ్గులు కట్టేవాడు. కూతురికీ ఒకటి కట్టి పెట్టి, ఊరుకోకుండా పని కూడా నేర్పాడు. ఆ పని మాటలు కాదు. తల కొలతకు కుట్టిన సన్నటి జాలీని చెక్క తలకు గుండుసూదులతో బిగించి, వంకర సూదితో ఒక్కో వెంట్రుకా లాగి ముడి వేయాలి. కుదురేదో కొసేదో చూసుకోవాలి. తిరగేసి కట్టారో, వారం తిరక్కుండా చిక్కులు పడి ఉండ కట్టేస్తుంది. అన్నిటికన్నా కష్టం నుదుటి అంచు. అక్కడ ముడికి ఒకటే వెంట్రుక. ఆ అంచు కట్టడంలో మేడత్తకు సాటి వచ్చే మనిషి నేనెరిగినంతలో లేదు.

నాన్న పోయాక కొట్టు తమ్ముడి చేతికి వచ్చింది. కింద ముందుగదిలో కొట్టు, వెనకగదిలో పని, మేడ మీది గది ఆవిడది. ఆ మేడ వల్లే మేనకోడలు చిన్నప్పుడు మేడత్త అని పిలిచింది, అదే పేరు వీధులన్నీ పాకింది. కస్టమర్లున్నప్పుడు ఆవిడ ముందుగదిలోకి వచ్చేది కాదు. ముప్పై రెండేళ్ళలో ఆవిడ ఉత్తతల చూసినవాళ్ళు ముగ్గురే. నాన్న, తమ్ముడు, మేనకోడలు. ఇరవై నాలుగేళ్ళు ఒకే కప్పు కింద బతికిన మరదలు కూడా చూడలేదు.

ఇక ఫోటో ఎలా వచ్చిందంటారా? రెండేళ్ళకోసారి జాలీ మార్చాలి. కొత్త జాలీ కుట్టే ముందు తలకు నాలుగువైపులా ఫోటోలు తీసి, వాటి మీద కొలతలు రాసుకుంటారు. ఆ కొట్టులో పద్ధతి అది. పోయిన నెల వెనకగది తలుపు గడియ వేసి, మేనకోడలే తీసింది.

మేడత్త వచ్చేసరికి ఆ పిల్ల బల్ల దగ్గర కూర్చుని జాలీ కత్తిరిస్తోంది.

"దారం ఏదత్తా?"

"నా ఫోటో ఎవరు పెట్టారే?"

పిల్ల మొహం వెలిగిపోయింది, పిచ్చి మొహం. "చూశావా? ఎంత బాగా వచ్చిందో! రెండు రోజుల్లో నాలుగు వేలమంది చూశారు తెలుసా!"

"నన్నడిగావా?"

"నిన్నడిగేదేంటత్తా..." అని ఆగిపోయింది. "నాన్న పెట్టమన్నాడు."

ఆ నాన్నగారు, అంటే మేడత్త తమ్ముడు, ముందుగదిలోంచి రానే వచ్చారు. తమ్ముడు చెడ్డవాడని నేను చెప్పను. నోట్లో తేనె ఉంటుంది, అదే వచ్చిన చిక్కు. ఆ నోటితో ఎవరినైనా కూర్చోబెట్టగలడు, కూర్చున్నవాళ్ళను లేవకుండా కూడా చేయగలడు.

"అక్కా, ముందు కూర్చో. మంచినీళ్ళు తాగు. చూడు, జుట్టు పోయి నాలుగు గోడల మధ్య ఏడుస్తున్న ఆడవాళ్ళు ఎంతమందో! నిన్ను చూసి వాళ్ళకి ధైర్యం వస్తుంది. పుణ్యం కదూ?"

"నా ధైర్యం పంచాలనిపిస్తే నేను పంచుతాను. మధ్యలో నువ్వెవడివిరా?"

"అది కాదక్కా..."

మేడత్త కూర్చోలేదు. విసవిసా ముందుగదిలోకి వెళ్ళి, బల్ల సొరుగు లాగి, అందులోంచి ఒక కాగితాల కట్ట తీసి తమ్ముడి ఛాతీకి ఆనించింది.

"చదువు."

"ఇప్పుడివెందుకే..."

"చదవరా!"

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "'నా ఫోటోను దుకాణం వారు వాడుకొనుటకు నేను మనస్ఫూర్తిగా సమ్మతించుచున్నాను.'"

"కిందేముంది?"

"సంతకం."

"నాదెక్కడ?"

"భలేదానివే! పరాయివాళ్ళ దగ్గరైతే తీసుకుంటాం. మనింటి మనిషి దగ్గర కాగితాలేంటి? నువ్వేమైనా పరాయిదానివా?"

"పరాయిదాన్నైనా బాగుండేది. నన్ను కూడా అడిగి చచ్చేవాడివి."

తమ్ముడి మొహం మాడిపోయింది. అయినా పట్టు వదల్లేదు. "సరే, ఈ నెలాఖరు దాకా ఉండనీ. తర్వాత నేనే తీయించేస్తా, సరేనా?" అన్నాడు. తన దృష్టిలో అది చాలా పెద్ద మనసు. మేడత్త మేడెక్కి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడుకు కింద చెక్క తలలు కూడా అదిరిపడ్డాయని పిల్ల చెప్పింది. కాస్త పెంచి చెప్పే అలవాటుందిలెండి దానికి.

రెండు రోజులు ఆవిడ కిందికి దిగలేదు. వెనకగదిలో ఆరు చెక్క తలలు నుదుటి అంచుల్లేకుండా ఎదురు చూస్తున్నాయి. తమ్ముడు మెట్ల దాకా వస్తాడు, పైకి చూస్తాడు, వెళ్ళిపోతాడు. రెండో రోజు మధ్యాహ్నం మేనకోడలు కంచం పట్టుకుని పైకెళ్ళింది.

"అత్తా, నా మీద కోపమా?"

"కోపం కాదే. కడుపు రగిలిపోతోంది."

పిల్ల గడప దగ్గరే చతికిలబడింది. "నాకు నువ్వు బాగానే కనిపించావత్తా. ఒట్టు. జుట్టు లేకుండా కూడా బాగున్నావనే పెట్టాను."

మేడత్తకు కళ్ళు చెమర్చాయి. చెమర్చినంత మాత్రాన మెత్తబడే రకం కాదు ఆవిడ. "నీకు కనిపించానంటే నీకు చూపించాను కాబట్టి కనిపించాను. ఇంత లోకంలో నీ ఒక్కదాని ముందు భయం లేకుండా విగ్గు తీసి కూర్చోగలను కాబట్టి కూర్చున్నాను. అది తీసుకెళ్ళి నడివీధిలో పరిచావు. నువ్వు కాబట్టే నాకింత మంట. ఇంకెవరో అయితే తిట్టి ఊరుకునేదాన్ని."

పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపయ్యాక, "తీసేయనా? నాన్న తిడతాడు, తిడితే తిట్టనీ," అంది.

"నువ్వు తిట్లు తినక్కర్లేదు. తీయమని నేనే అడుగుతాను. రేపు కస్టమర్లు ఎన్నింటికొస్తారు?"

"పదకొండుకి."

"నా కంచం అక్కడ పెట్టి వెళ్ళు."

మర్నాడు పదకొండు దాటాక మేడత్త ఉతికిన బట్టలు కట్టుకుని, వెనక మెట్లు దిగి, సందు చుట్టి తిరిగి, వీధి తలుపు దగ్గరికి వచ్చింది. ఆ తలుపులోంచి ఆవిడ ఏనాడూ లోపలికి అడుగుపెట్టలేదు. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మాటలు వినిపించి ఆగింది.

పద్నాలుగేళ్ళుగా వస్తున్న పంతులమ్మ ఒకావిడ బల్ల ముందు నిలబడి ఉంది, చేతిలో ఫోను. వెనక కుర్చీలో తలకు స్కార్ఫు చుట్టుకున్న కొత్తమ్మాయి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

"ఈవిడెవరో గానీ, చూస్తే నా గుండె గుభేలుమందండీ," అంటోంది పంతులమ్మ. "కొలతల ఫోటోలు నావీ మీ దగ్గరున్నాయి కదా! రేపు నన్నూ ఇలాగే పెడతారా? మా బళ్ళో పిల్లలు చూస్తే నేను పాఠం చెప్పగలనా?"

తమ్ముడు ఆ తేనె నోరు తెరిచాడు. "అయ్యయ్యో, ఎంత మాట పంతులమ్మగారూ! అది నిజం మనిషి కాదండీ. కంప్యూటర్లో చేయించిన బొమ్మ. ఇప్పుడందరూ అలాగే చేస్తున్నారు. ఉన్న మనిషిని అలా పెడతామా, మాకు మాత్రం సిగ్గూ ఎగ్గూ లేవా?"

తలుపు అవతల మేడత్త విన్నది. తమ్ముణ్ణి బతిమాలుకుందామనే వచ్చింది, నిజం చెప్పాలంటే. కస్టమర్లా కూర్చుని, మర్యాదగా అడిగి, నలుగురి ముందు కాదనలేని పరిస్థితిలో పెట్టి ఫోటో తీయించుకుందామనుకుంది. బొమ్మ అన్న మాట చెవిన పడగానే ఆ మర్యాద కాస్తా ఎగిరిపోయింది. తలుపు నెట్టుకుని లోపలికి వచ్చింది.

"అక్కా!" అన్నాడు తమ్ముడు. "నువ్వు వెనకగదిలోకి పద, నేనొస్తా..."

"అక్కెవరండీ? నేను కస్టమర్ని," అంటూ మేడత్త నేరుగా వచ్చి, అద్దం ముందున్న కుర్చీలో కూర్చుంది. "అమ్మా పంతులమ్మగారూ, కాస్త ఆ ఫోటో చూసి నన్ను చూడండి. నేను బొమ్మలా ఉన్నానా?"

పంతులమ్మ ఫోను చూసింది, మనిషిని చూసింది, నోరు తెరిచేసింది.

"పోలికండీ," అన్నాడు తమ్ముడు. "మా అక్క పోలికలతో చేయించాం, అంతే..."

ఒరేయ్, ఇంకా బుకాయిస్తావా! మేడత్త రెండు చేతులూ వెనక్కి పెట్టి, మెడ దగ్గర క్లిప్పులు రెండు తీసింది. చెవుల దగ్గర అంటించిన పట్టీలు లాగి, విగ్గు తీసి, తమ్ముడి ముందు బల్ల మీద పెట్టింది.

వెనకగది గుమ్మంలో మేనకోడలు నిలబడిపోయింది. కొత్తమ్మాయి మాత్రం మేడత్త తల వంక కన్నార్పకుండా చూస్తోంది.

"ఆ బొమ్మ నేనే," అంది మేడత్త. "మీ తలల మీదున్న ప్రతి నుదుటి అంచూ ఈ చేతులు కట్టిందే. వీడికి నా చేతులు కావాలి, నా తల కావాలి. మనిషిగా మాత్రం నేను లేను. నా ఫోటో పెట్టేటప్పుడు మనింటి మనిషిని, అడగక్కర్లేదు. పంతులమ్మగారు నిలదీసేసరికి నేనసలు పుట్టనే లేదు! ఇంకో మాట లేదు. ఆ ఫోటో తీసేయ్."

"తీసేశానత్తా," అంది మేనకోడలు గుమ్మంలోంచి. ఫోను పైకెత్తి చూపించింది. తండ్రి చూపు తన మీద పడ్డా చేతిని దించలేదు.

పంతులమ్మ తన ఫోనులో వెతికి చూసింది. "అవును, లేదు," అని, తమ్ముడి వైపు తిరిగింది. "నావి నాలుగున్నాయి కదా, అవీ నా ఎదురుగా తీసేయండి. కొలతలు కాగితం మీద రాసుకోండి చాలు. పద్నాలుగేళ్ళు మిమ్మల్ని నమ్మాను."

తమ్ముడు ఆమె ఫోటోలు తీసేయించాడు, క్షమాపణ లాంటిదేదో గొణిగాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ వాడికి లోపల ఒకటి నలుగుతోంది, అది అనకుండా ఉండలేకపోయాడు.

"అయినా అక్కా, నాకు తెలియక అడుగుతాను. ఇప్పుడు నువ్వే నలుగురి ముందూ తీసి చూపించావు. ఇంకా ఆ ఫోటో ఉంటే మాత్రం ఏం పోయింది?"

"ఇప్పుడు చూపించింది నేను రా!" అంది మేడత్త. "ముప్పై రెండేళ్ళు దాచుకున్నది నేను, ఇవాళ తీసింది నేను. రేపు మళ్ళీ దాచుకుంటానో, ఇలాగే ఊరేగుతానో, అది కూడా నేనే చూసుకుంటాను. నా తలరా ఇది!"

కొత్తమ్మాయి మెల్లగా చెయ్యెత్తి తన స్కార్ఫు ముడి తడుముకుంది. విప్పలేదు. మేడత్త ఆ అమ్మాయిని విప్పమనీ అనలేదు.

తమ్ముడికి ఏం చేయాలో పాలుపోలేదు. బల్ల మీది విగ్గు చూశాడు, అక్క తల చూశాడు, వీధి తలుపు బార్లా తెరిచి ఉండటం చూశాడు. ఈ గొడవ ఎలాగోలా కప్పెట్టేయాలనిపించిందేమో, విగ్గు రెండు చేతులా తీసుకుని అక్క వెనక్కి వచ్చి, తల మీద పెట్టబోయాడు.

మేడత్త అద్దంలోంచి చూసి, వాడి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అడిగావా?"

తమ్ముడు అలాగే నిలబడ్డాడు. చేతుల్లో విగ్గు, ఎదురుగా అద్దంలో అక్క. ఈసారి నోట్లో తేనె లేదు.

"పెట్టనా, అక్కా?"

మేడత్త నిజంగానే ఆలోచించింది. వాడు చేతులు దించకుండా, ఆవిడ నోటి వంక చూస్తూ నిలబడ్డాడు.

"వద్దురా," అంది.