నాలుక మీద వేలు

గుంటూరు వచ్చిన మొదటి వారమంతా ఆ ఇంట్లో ముగ్గురూ తుమ్ముతూనే ఉన్నారు. వాసిం గుమ్మంలో తుమ్మేవాడు, సైమా పొయ్యి దగ్గర తుమ్మేది. వాళ్ళ ఐదేళ్ళ కూతురు ఆఫ్రీన్ అయితే ఒక తుమ్ము పూర్తికాకముందే ఇంకో తుమ్ముకి ముఖం పైకెత్తేది. వాళ్ళ తప్పేముంది పాపం! వాడరేవు మనుషులు. సముద్రపు గాలి, ఎండుచేపల వాసన తప్ప మరోటి ఎరగని ముక్కులవి. అద్దెకు తీసుకున్న రెండు గదుల ఇల్లేమో సరిగ్గా మిరపకాయల కోల్డ్ స్టోరేజీల వెనక. వీధిలో టిక్కీల లారీ, అంటే మిరపకాయ బస్తాల లారీ, ఒకటి వెళ్తే చాలు, ఇంట్లో మంచినీళ్ళు కూడా ఘాటుగా అనిపించేవి.

"తుమ్మండమ్మా, తుమ్మండి! నెల్లాళ్ళు పోతే ఈ గాలి లేకపోతే మీకు ముద్ద దిగదు," అని ఇల్లుగలావిడ సుబ్బరావమ్మ పక్క వాటాలోంచి కేకేసి నవ్వేది. ఆవిడ రహస్యం చెప్పినా వీధి చివరికి వినపడుతుంది. మనసు మంచిదే గానీ, ఆ గొంతుకి సైమా మొదట్లో హడలిపోయింది.

వాసింవాళ్ళు దూదేకులవాళ్ళు. పరుపులు కుట్టడం తాతల నాటి పని. వాడరేవు లాడ్జీలన్నీ స్పాంజి పరుపులకు మారిపోయాక చేతినిండా పని లేక దిగాలుపడి కూర్చున్నవాణ్ణి గుంటూరులో ఒక పరుపుల కొట్టాయన రమ్మన్నాడు. సైమా మాత్రం కొట్టు కోసం బయల్దేరలేదు. "ఇంటికి కూతవేటు దూరంలో బడి ఉంది," అని వాసిం ఫోన్లో చెప్పాడు చూడండి, అప్పుడు సామాను సర్దడం మొదలుపెట్టింది.

దానికో కారణం ఉంది. సైమాని చిన్నప్పుడు బడిలో వేసిన రోజు ఇంట్లోంచి ఎవరూ వెంట రాలేదు. తల్లి చేపలు ఎండేసే పనికి పోతూ పోతూ, దారిన వెళ్తున్న పెద్దపిల్లల గుంపులోకి ఆమెను తోసి "వీళ్ళతో పోవే" అనేసింది. ఆ పిల్లలు గేటు దాటగానే ఎవరి గదికి వాళ్ళు పరిగెత్తారు. తన గది ఏదో తెలియక, అడిగే ధైర్యం లేక, ఆ చిన్నది బోరింగు దగ్గర ఎండలో నిలబడి నిలబడి ఇంటికి వచ్చేసింది. తర్వాత నాలుగో తరగతి దాకా ఎలాగో నెట్టుకొచ్చింది గానీ, బడి తనదని ఏనాడూ అనిపించలేదు. అందుకే ఆఫ్రీన్ కడుపులో ఉండగానే ఒకటి అనుకుంది. నా పిల్లని నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను, దాని గదిలో దాని బల్ల మీద కూర్చోబెట్టి వస్తాను అని. వినేవాళ్ళకు ఇదీ ఒక కోరికేనా అనిపించొచ్చు. ఆమెకు మాత్రం అది ప్రాణం.

బడి తెరిచే ముందు సుబ్బరావమ్మ సైమాని తనతో పాటు కోల్డ్ స్టోరేజీ షెడ్డులో పనికి పెట్టింది. మిరపకాయలకు తొడిమలు తుంచే పని. ఆ వీధిలో ఆడవాళ్ళంతా చేసేదదే. సాయంత్రం పని దిగాక అందరూ కుళాయి దగ్గర చేతులకు ఏదో రుద్ది కడుక్కుని, చూపుడువేలు నాలుక మీద పెట్టుకుని, కాసేపు కదలకుండా నిలబడి, అప్పుడు ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు. సైమా చూసింది. ఇదేదో వీళ్ళ మొక్కు కాబోలు అనుకుంది. కొత్త ఊరు, కొత్త మనుషులు, వాళ్ళ దేవుడి సంగతి మనం అడిగితే ఏమనుకుంటారో అని నోరు మూసుకుంది. ఆ మొహమాటమే కొంప ముంచింది.

బడి తెరిచిన రోజు సైమా అందరికంటే ముందు లేచింది. రెండు రోజులుగా భగభగమన్న చేతులు ఆ ఉదయానికి చల్లబడ్డాయి. మంట పోయిందంటే కారం పోయినట్టేగా అనుకుంది పిచ్చితల్లి. పైగా సబ్బు అరిగిపోయేలా రుద్ది మరీ కడిగింది. పిల్లకు తలంటు పోసి, కొత్త యూనిఫాం తొడిగి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కాటుక వేలికి అద్దుకుని రెండు కళ్ళకూ నిండుగా పెట్టింది.

ఆఫ్రీన్ పెట్టిన కేకకు వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

వాసిం సగం గుండీలు పెట్టుకున్న చొక్కాతో పరిగెత్తుకొచ్చి పిల్లను ఎత్తుకుని కుళాయి కింద పెట్టాడు. ఎంతసేపు నీళ్ళు కొట్టినా ఏడుపు ఆగదు, కళ్ళు తెరవదు. కాటుక బుగ్గల మీదుగా కారి కొత్త చొక్కా అంతా నల్లబడింది. సైమా "అమ్మా, తల్లీ" అని దగ్గరికి వెళ్ళబోతే, పిల్ల ఆ చేతులు తగలకుండా తండ్రి మెడ చుట్టేసుకుంది.

"మిరపకాయ చేతుల్తో కాటుక పెట్టావంటే? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని సుబ్బరావమ్మ నెత్తి కొట్టుకుంది. "నువ్వు పక్కకు జరగవే అమ్మాయ్, నువ్వు ముట్టుకునే కొద్దీ మండుద్ది దానికి."

మధ్యాహ్నానికి కళ్ళు నెమ్మదించాయి. ఎరుపు తగ్గింది. పిల్ల మనసులో పడ్డది మాత్రం తగ్గలేదు. బడి, కాటుక, అమ్మ చెయ్యి, మంట అన్నీ కలిసిపోయి ఒకటే అయిపోయాయి దానికి. "నేను బళ్ళోకి పోను. పోతే కళ్ళు మండుతాయ్," అని తేల్చి చెప్పింది. ఇంకో మాట కూడా అంది. "అమ్మ చెయ్యి నాకొద్దు."

ఆ మాట విని సైమా వంటగదిలోకి వెళ్ళి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆనాటి నుంచీ పిల్ల పనులన్నీ వాసింవే. అన్నం అతనే కలిపి పెట్టాలి, స్నానం అతనే చేయించాలి. జడలు వేసేవాడు చూడండి, పరుపుకు మూల కుట్టు వేసినట్టు బిగించి లాగేవాడు, పిల్ల కనుబొమలు నుదుటి మధ్యకు పోయేవి. తీరా చూస్తే ఒక జడ తూర్పుకి, ఒకటి పడమరకి. ఆఫ్రీన్ పళ్ళు బిగించి ఓర్చుకునేది గానీ తల్లి దగ్గరికి మాత్రం వెళ్ళేది కాదు. అలా తయారుచేసి భుజం మీద ఎక్కించుకుని బయల్దేరితే, వీధి మలుపులో బడి గేటు కనపడగానే చెయ్యరాని గోల చేసేది. మళ్ళీ వెనక్కి.

ఒక సాయంత్రం బడి నుంచి అఖిల టీచరు వెతుక్కుంటూ వచ్చింది. ఒకటో తరగతి ఆవిడదే. "పేరు రాయించి వెళ్ళారు, పిల్లేదండీ?" అంది. ఆఫ్రీన్ చుట్టిపెట్టిన పరుపు వెనక దాక్కుంది. జరిగింది విని టీచరు, "పర్లేదండీ, భయం పోయాకే తీసుకురండి. బల్ల మీద దాని చోటు అలాగే ఉంచుతా," అంది. ఆ మంచి మాటకి సైమాకి ఇంకా దుఃఖం వచ్చింది.

ఆవిడ వెళ్ళాక సైమా పక్క వాటాకి వెళ్ళి, "పిన్నిగారూ, రేపట్నుంచి నేను పనికి రానండీ," అంది.

"ఎందుకు రావు?"

"ఈ చేతులతో నా పిల్లని ముట్టుకోలేకపోతే నాకీ పనెందుకండీ?"

"ఓసోస్! ఈ వీధిలో పిల్లల్ని కన్నదానివి నువ్వొక్కదానివేనా?" సుబ్బరావమ్మ విసురుగా లేచింది. "పొద్దున పనికి పోయే ముందు చేతులకి నూనె పట్టించట్లా? పని దిగాక మళ్ళీ నూనె రాసి, శనగపిండేసి రుద్ది కడగట్లా? వేలు నాలిక మీద పెట్టి చూసుకోట్లా? రోజూ కుళాయి కాడ మమ్మల్ని చూస్తానే ఉంటివి గదే!"

సైమా తెల్లబోయింది. "అది... అది మీ దణ్ణం కాదా అండీ?"

సుబ్బరావమ్మ నవ్వు ఆపుకోలేక అరుగు మీద కూలబడింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "దణ్ణమేంది నీ మొహం! నాలిక ఒప్పుకుంటేనే పిల్లల్ని ముట్టుకోవాల. కాస్త చురుక్కుమన్నా మళ్ళీ నూనె, మళ్ళీ పిండి. మా అమ్మ చెప్పింది నాకు. నీకు ఎవరు చెప్తారు? నేనే చెప్పాల్సింది. ఈ మాత్రం తెలవనోళ్ళు ఉంటారని నాకెట్టా తెలుసు?" అంది. చివరి మాటలు అనేటప్పటికి ఆ పెద్ద గొంతు కాస్త తగ్గింది. లోపలికి వెళ్ళి ఒక గిన్నెలో శనగపిండి తెచ్చి సైమా చేతిలో పెట్టింది.

మర్నాటి నుంచీ సైమా గుమ్మంలో కూర్చుని, ఆఫ్రీన్‌కి కనపడేలా, నూనె రాసుకుని పిండితో రుద్దుకునేది. గోళ్ళ సందులు కూడా వదిలేది కాదు. కడుక్కుని వేలు నాలుక మీద పెట్టుకునేది. పిల్లను రమ్మని మాత్రం పిలిచేది కాదు. పిలిస్తే ఇంకా దూరం పోతుందేమోనని భయం. ఆఫ్రీన్ తండ్రి కాళ్ళ మధ్య నుంచి తొంగి చూసేది. ఆ తర్వాత తలుపు పక్కకు వచ్చి నిలబడింది. ఇంకో రోజు చేతికి అందేంత దగ్గరికి వచ్చి గొంతుక్కూచుంది.

సైమా చేతులు కడుక్కోవడం అప్పుడే అయింది. చెయ్యి చాపితే పిల్ల అందుతుంది. వేలు నాలుక మీద పెట్టుకుంది. సన్నగా, ఎక్కడో అంచున, చురుక్కుమంది. ఏదో ఒక పిసరు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? తల నిమిరితే ఏమవుతుంది? తల కన్ను కాదుగా? ఆశ అలాగే లాగుతుంది మనిషిని.

"వద్దమ్మా, దగ్గరికి రాకు," అంది సైమా, చేతులు వెనక్కి పెట్టుకుని. "ఇయ్యాల ఇంకా మండుతోంది."

ఆఫ్రీన్ లేచి రెండడుగులు వెనక్కి వేసింది. తల్లి ముఖంలోకి చాలాసేపు చూసింది. సైమా మళ్ళీ నూనె సీసా మూత తీసింది. అందినట్టే అంది పిల్ల చేజారినందుకు ఆమెకు ఏడుపొచ్చింది గానీ, అబద్ధం చెప్పనందుకు లోపల ఎక్కడో నిమ్మళంగా కూడా ఉంది.

మర్నాడు సాయంత్రం ఆమె కడుక్కోవడం అవగానే ఆఫ్రీన్ తనంతట తనే వచ్చింది. "నేను చూస్తా," అంది. తల్లి చూపుడువేలు రెండు చేతులతో పట్టుకుని, నాలుక కొస బయటపెట్టి, దాని మీద ఆనించుకుంది. వాసిం గుమ్మంలో నిలబడిపోయాడు. పక్క వాటాలో సుబ్బరావమ్మ కూడా నోరు మెదపలేదు, అదే పెద్ద వింత.

"మండలా," అంది ఆఫ్రీన్. కాస్త ఆలోచించి, "రేపు జడ నువ్వెయ్యి. నాన్న వేస్తే తలకాయంతా నొప్పి," అంది.

"బాగుందమ్మా! ఇన్నాళ్ళూ చేయించుకుని ఇప్పుడు నొప్పా?" అన్నాడు వాసిం. సైమాకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

పొద్దున్నే సైమా మళ్ళీ వేలు చూసుకుని, పిల్లకూ చూపించి, రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టింది. కాటుక ఊసు ఎవరూ ఎత్తలేదు. బయట కాలు పెట్టగానే ఆఫ్రీన్ తల్లి చెయ్యి పట్టుకుంది. వీధి మలుపులో గేటు కనపడగానే ఆగింది. సైమా లాగలేదు. తనూ ఆగింది. టిక్కీల లారీ ఒకటి పక్కనుంచి వెళ్ళింది. ఇద్దరిలో ఎవరికీ తుమ్ము రాలేదు. కాసేపటికి చిన్న చెయ్యే ముందుకు లాగింది.

అఖిల టీచరు గుమ్మంలో నవ్వుతూ పక్కకు తప్పుకుని, "మీరే కూర్చోబెట్టండమ్మా," అంది. ముందు వరసలో, కిటికీ పక్కన, చోటు నిజంగానే ఖాళీగా ఉంది. సైమా పిల్లను కూర్చోబెట్టి, సంచీ పక్కన పెట్టి, యూనిఫాం సర్దింది. ఇక చెయ్యడానికి ఏమీ లేదు. ఎప్పుడో బోరింగు దగ్గర ఎండలో నిలబడ్డ పిల్ల గుర్తొచ్చి, ఎంత ఆపుకున్నా కళ్ళ నీళ్ళు ఆగలేదు.

ఆఫ్రీన్ బల్ల మీద మోకాళ్ళ మీద లేచింది. "మండుతున్నాయా అమ్మా?" అంది కంగారుగా. అని, తన చూపుడువేలు ముందు తన నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు చికిలించి ఆగింది. మంట లేదని నమ్మకం కుదిరాక, ఆ వేలితో తల్లి కళ్ళు రెండూ జాగ్రత్తగా తుడిచింది.

"ఇంక పో అమ్మా, పనికి లేటవుద్ది," అని చెప్పి కూర్చుంది.