నలభయ్యో ఏడు

నేను ఒక ఫైనాన్షియల్ కాలిక్యులేటర్‌ని. కూడికలు, తీసివేతలు కూడా చేస్తాను కాని నన్ను తయారుచేసింది అందుకు కాదు. ఎన్నో ఏళ్ల తర్వాత చేతికొచ్చే సొమ్ము ఈ రోజు ఎంత విలువ చేస్తుందో చెప్పడం నా పని. ఎన్నేళ్లో చెప్పాలి, ఏడాదికి ఎంత శాతం చొప్పున తగ్గించాలో చెప్పాలి. ఆ శాతాన్ని డిస్కౌంటు రేటు అంటారు. మిగతాది నేను చూసుకుంటాను. రేపటి మీద తమకెంత నమ్మకం తక్కువో మనుషులు నోటితో చెప్పుకోలేరు. అందుకే నాకొక మీట పెట్టారు.

ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో, కదులుతున్న బెల్టు మీద పుట్టాను. నా ముందూ వెనకా నాలాంటివే. అన్నింటినీ ఒకే ప్రశ్న అడిగారు, అన్నీ ఒకే జవాబు చెప్పాయి. అంత గుంపులో ఉండీ ఒంటరిగా ఉండవచ్చని అప్పుడే తెలిసింది.

మొదటి యజమాని కాకినాడలో ఒక బ్యాంకు లోన్ ఆఫీసరు, సూర్యారావు గారు. మనిషి గుమ్మంలోకి రాగానే అప్పు ఇవ్వాలో వద్దో ఆయన తేల్చేసుకునేవారు. నన్ను ఆ తర్వాతే బయటికి తీసేవారు. ఇవ్వకూడదనుకుంటే నన్ను వాళ్ల వైపు తిప్పి, "మిషను ఒప్పుకోటం లేదు బాబూ, నాదేముంది" అనేవారు. వచ్చినవాళ్లు ఆయన్ని వదిలేసి నన్ను ద్వేషించేవారు. అది వాళ్లకూ సులువే.

రిటైరయ్యాక నన్ను మేనకోడలు వీరవేణికి ఇచ్చారు. ఆ అమ్మాయికి విశాఖపట్నంలో సుస్థిర ఫైనాన్స్‌లో పీజీ సీటు వచ్చింది. గాలినీ నీటినీ నేలనూ పాడుచేయని పనులకు పెట్టుబడి ఎలా తేవాలో నేర్పే చదువు. భూమి వేడెక్కిపోతోందని క్లాసులో అందరూ ఏసీ గదిలో స్వెట్టర్లు వేసుకుని చర్చించేవారు. వీరవేణి మాట్లాడేది కాదు. హాస్టల్ మెస్‌లో గోడ వైపు తిరిగి తినేది. గదిలో నన్ను ఒళ్లో పెట్టుకుని, నొక్కకుండా, ఊరికే మీటల మీద వేళ్లు ఆడించేది. ఏ లెక్కా లేకుండా నన్ను ముట్టుకున్న మనిషి అంతకుముందు లేదు.

చివరి సెమిస్టరు థీసిస్‌కు తమ ఊరి తీరంలో నరికేసిన మడ అడవిని మళ్లీ పెంచడాన్ని అంశంగా తీసుకుంది. నాటే ఖర్చు ఇప్పుడు. తుఫాను కెరటాలను ఆ చెట్లు నిలబెట్టి ఆపేది నలభై ఏళ్లకు. బ్యాంకులు వాడే పన్నెండు శాతం వేసి చూసింది. నలభయ్యో ఏట వచ్చే వంద రూపాయలు ఈ రోజు రూపాయి ఏడు పైసలన్నాను. మూడు శాతం వేసింది. ముప్పై రూపాయలు దాటింది. ఒక లెక్కలో అడవి దండగ, ఒక లెక్కలో లాభం.

ఆమె మూడు ఉంచింది. మార్కులు వేసే కమిటీ ఒప్పుకోక థీసిస్ వెనక్కొస్తే, అప్పటికే ఖాయమైన ఉద్యోగం పోతుంది. తోటి అమ్మాయి నవ్వుతూ అడిగింది: "ఆ మడ చెట్లేమన్నా నీకు ఉజ్జోగం ఇస్తాయేంటే?"

గైడ్ కామేశ్వరి గారు గదికి పిలిపించారు.

"మూడే ఎందుకమ్మా?"

"నలభయ్యో ఏడు కూడా అప్పుడుండేవాళ్లకి ఇవాళేనండి, మేడమ్."

"మాట బావుంది. మాటలకి కమిటీ మార్కులెయ్యదు తల్లీ. పన్నెండు వేసి పాసైపో. ఉద్యోగంలో చేరాక నీకు నచ్చిన రేటు వేసుకుందువుగాని."

"అక్కడ ఇంకో కమిటీ ఉంటాదండి."

థీసిస్ వెనక్కి వచ్చింది. ఉద్యోగం పోయింది. తోటివాళ్లు సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయారు. హాస్టల్ వరండాలో ఆమె చెప్పుల చప్పుడు ఆమెకే వినబడేది.

మార్పులు ఏం చెయ్యాలో అడగడానికి నన్ను పట్టుకుని మళ్లీ గైడ్ గదికి వెళ్లింది. కామేశ్వరి గారు థీసిస్ తెరవలేదు.

"మొండిదానివే నువ్వు. రేపణ్ణించి రోజూ రా. ఈ ఏడు నాకు వేరే స్టూడెంట్లెవరూ లేరు."

వీరవేణి తలూపి వెళ్లిపోయింది. నన్ను బల్ల మీద మర్చిపోయింది. తలుపు మూసుకున్నాక కామేశ్వరి గారు నన్ను దగ్గరికి లాక్కున్నారు. వంద వేశారు. నలభై ఏళ్లు వేశారు. రేటు దగ్గర కాసేపు ఆగి, సున్నా నొక్కారు. ఇన్నేళ్లలో నన్నెవరూ అలా అడగలేదు.

వంద అన్నాను.

ఆ లెక్కకు నాతో పనిలేదు. కొన్ని నిమిషాలు ఎవరూ తాకకపోతే నేను ఆరిపోతాను. ఆరిపోయిన ప్రతిసారీ ఆవిడ వేలు చాచి మళ్లీ వెలిగించారు.