పౌలోస్ ఎగ్గొట్టిన రీలు

కేరళలోని కుట్టనాడులో తీసిన ఆ పాత సినిమాను బాగుచేసి మళ్ళీ విడుదల చేస్తున్నారని తెలిసినప్పటి నుంచి బ్రిజితకు కంటిమీద కునుకు లేదు. పదమూడేళ్ళప్పుడు అందులో ఆమెకో సీను ఇచ్చారు. హీరోయిన్ పడవెక్కి వెళ్ళిపోతుంటే రేవులో నిలబడి ఏడ్చే స్నేహితురాలి వేషం. ఆ సీను సినిమాలో ఉందో లేదో ఇప్పటికీ ఆమెకు ఖాయంగా తెలియదు.

షూటింగు రోజు బ్రిజిత నిజంగానే ఏడ్చింది. కళ్ళతో పాటు ముక్కూ కారింది. గుంపులో ఉన్న వాళ్ళమ్మ కొచ్చుత్రేస్యకు ప్రాణం ఆగలేదు. కెమెరా తిరుగుతుండగానే పరుగున వచ్చి పైబట్ట చెంగుతో కూతురి ముక్కు తుడిచేసింది. చూస్తున్నవాళ్ళంతా గొల్లుమన్నారు.

చర్చి పండుగకు ఊరి టాకీసులో ఆ సినిమా ఒక్కరోజు ఆడింది. వాడంతా కట్టకట్టుకుని వెళ్ళింది. రేవు సీను రాలేదు. "ఏమే స్టారూ, ఏదే నీ సినిమా?" అంటూ మర్నాటి నుంచి బడిలో సారమ్మ వేపుకు తినడం మొదలుపెట్టింది. ఆ ఉక్రోషమంతా బ్రిజిత తల్లిమీద చూపించింది.

"నీవల్లే తీసేశారు! నిన్నెవరు రమ్మన్నారక్కడికి?"

కొచ్చుత్రేస్య ఆ మాట నమ్మేసింది. ముసలితనంలో మంచం పట్టినప్పుడు కూడా "నీ సినిమా పాడుచేశానే అమ్మడూ" అనుకుంటూనే పోయింది. నిజంగా పాడుచేసిందా? బ్రిజితకు తేలాల్సింది అదొక్కటే.

అందుకే ఇవాళ ఆలప్పుళ పట్నంలో సినిమా హాలుకు వచ్చింది. పక్కన సారమ్మ, ఇప్పుడు ప్రాణస్నేహితురాలు. ఆ పక్కన సారమ్మ మొగుడు పౌలోస్, ఒకప్పటి టాకీసు ఆపరేటరు.

హాల్లో తలలు నెరిసినవాళ్ళు "ఆ రోజులే వేరు" అని కళ్ళొత్తుకుంటుంటే బ్రిజితకు ఒళ్ళు మండింది. ఏం రోజులు? మొటిమలు, లెక్కల్లో సున్నాలు, ఈ సారమ్మ నోరు. వానలో తడవడం తెరమీద ముచ్చటగానే ఉంటుంది. ఉన్న ఒక్క గౌనూ తడిసినదానికి తెలుస్తుంది దాని ముచ్చట. సినిమా మాత్రం అబద్ధమాడలేదు, అందులో హీరోయిన్ కూడా తల్లిని కసురుకుంటూనే ఉంది.

సగం దాటాక పౌలోస్ గొణిగాడు. "ఇదేంటి, ఈ ముక్క నేనెప్పుడూ చూళ్ళేదే!"

"అప్పుడు ఆడించింది మీరే కదా?" అంది సారమ్మ.

"పండుగ రోజు ఆటలు ఎక్కువ. ఒక రీలు ఎగ్గొట్టకపోతే అన్ని ఆటలెలా పడతాయి? ఇది పెట్టెలోంచే తీసుండను."

"మీ ఆటలు మండిపోనూ! ఇన్నేళ్ళూ అన్యాయంగా నేను దీన్ని ఆడిపోసుకునేలా చేశారు కదయ్యా!"

బ్రిజితకు ఆ గొడవ పట్టలేదు. తెరమీదికి రేవు వచ్చింది. రెండు జడల పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. పక్కనుంచి తెల్లటి చట్ట రవికె తొడిగి, ముండు పంచె కట్టిన ఆడమనిషి పరుగెత్తుకొచ్చింది. దర్శకుడు ఆమెను తీసెయ్యలేదు. ఆమె మీదే కెమెరా నిలబెట్టాడు. హాలు నవ్వింది.

అమ్మ! ఇప్పటి తనకంటే చిన్నది, నల్లటి జుట్టుతో. అమ్మ ఏమీ పాడుచెయ్యలేదు. ఆ దర్శకుడి పేర రేపే చర్చిలో కొవ్వొత్తి వెలిగించాలనుకుంది బ్రిజిత.

తెరమీద పిల్ల సిగ్గుతో తల్లి చేతిని విదిలించి కొట్టింది.

"తుడవనీవే, పిచ్చిదానా," అంది బ్రిజిత పైకే. "తుడవనీ."