సర్దుబాటమ్మ పడుకునే చోటు

"ఇంకేం ఫర్వాలేదు, అందరూ పట్టేశారు," అన్నాడు మాస్టరు, చేతికంటిన సుద్దపొడి ప్యాంటుకి తుడుచుకుంటూ.

మాస్టరంటే బళ్ళో పాఠాలు చెప్పే మాస్టరు కాదు. బట్టలు కుట్టే కంపెనీలో కటింగ్ మాస్టరు. పరిచిన గుడ్డ మీద చొక్కా చేతులూ కాలర్లూ ఒకదాని సందులో ఒకటి ఇరికించి, అంగుళం కూడా వృథా పోకుండా గీత గీయాలంటే ఆయన తర్వాతే ఎవరైనా. ఆ పనితనాన్ని ఇంటిక్కూడా తెచ్చుకున్నాడు మహానుభావుడు. చుట్టాలొస్తున్నారని ఫోను రావడం ఆలస్యం, జేబులోంచి సుద్దముక్క తీసి గచ్చు మీద మనుషుల్ని గీసేసేవాడు. వెల్లకిలా పడుకునేవాళ్ళకి పొడుగు గీత, ముడుచుకునేవాళ్ళకి వంకర గీత. గురకపెట్టేవాళ్ళు వీధిగుమ్మం పక్కన. పొడుగాటివాళ్ళ కాళ్ళు బల్ల కిందికి. పసిపిల్లలు మంచానికీ గోడకీ మధ్య, దొర్లినా పడిపోకుండా. గీయడం అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసుకుని, చేటంత మొహం చేసుకునేవాడు.

ఇల్లు మాత్రం ఎంతనుకున్నారు? ఓ ముందుగది, ఓ పడగ్గది, వంటిల్లు. అంతే. కానీ వీధి చివర పెద్దాసుపత్రి ఉంది. అక్కడే వచ్చింది చిక్కు. మోకాలు నొప్పయినా, కంట్లో శుక్లమైనా, కానుపైనా, చుట్టాలందరికీ మాస్టరిల్లే గుర్తొచ్చేది. రోగి ఒక్కరే వస్తారా? తోడుకొకరు, ఆ తోడుకి తోడు ఇంకొకరు, ఇంట్లో ఒంటరిగా ఉండలేని పిల్లలు ఇద్దరు. "దానికేం, రండి రండి, మా సర్దుబాటమ్మ ఉందిగా," అనేవాడు ఫోన్లో.

సర్దుబాటమ్మంటే ఆయన పెళ్ళాం. మొదట ఆయనే ముద్దుగా పిలిచాడు. తర్వాత చుట్టాలు పట్టుకున్నారు. కొన్నాళ్ళకి కూరగాయల బండివాడు కూడా ఆ పేరే పెట్టి కేకేశాడు. కొత్తలో నవ్వేది. పొగిడితే ఎవరికి చేదు?

ఆరోజు ఏడుగురు దిగారు. ఆవిడ చేతుల్లో దుప్పట్ల దొంతర పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక్కో గీత మీద ఒక్కో దుప్పటి మనసులోనే పరుచుకుంటూ వచ్చింది. ఇది పెద్దాయనది, ఇది ఆయన కూతురిది, ఇది మా ఆయనది, ఇది మా పిల్లది. చివరి గీతదాకా వచ్చి ఆగిపోయింది. పెళ్ళయి పద్నాలుగేళ్ళయింది. ఎన్ని వందల గీతలు చూసిందో, ఎన్నిసార్లు ఆ సుద్దంతా తుడిచిందో. ఆ మాట మాత్రం అప్పుడే తట్టింది.

"ఏమండీ, ఇందులో నేనేది?"

మాస్టరు గచ్చు వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు, మళ్ళీ గచ్చు వంక చూశాడు. కోపం లేదు పాపం. చొక్కా అంతా కత్తిరించాక ఒక చెయ్యి తక్కువైనవాడిలా బుర్ర గోక్కున్నాడు.

"నువ్వా? నువ్వెప్పుడూ ఎక్కడో ఓచోట నడుం వాలుస్తావుగా."

"ఎక్కడ?"

"అదేమో నాకేం తెలుసే! అమ్మ ఉన్నప్పుడు ఇదే ఇంట్లో ఇరవైమంది పడుకునేవాళ్ళం. ఒక్కరికైనా ఇరుకనిపించిందా అడుగు."

ఎవర్నడుగుతుంది? అత్తగారిని ఆవిడ చూడనేలేదు. పెళ్ళికి ముందే పోయారు. ఇంట్లో అత్తగారి తాలూకు మిగిలిందల్లా ఈ ఒక్క మాటే, ఇరవైమంది, ఇరుకులేదు అని.

ఆ ఎక్కడో ఓచోటు ఎక్కడో చెప్తాను వినండి. వంటింట్లో డబ్బాల బీరువాకీ గోడకీ మధ్య ఓ సందుంది. కొత్తకాపురంలో మొదటిసారి చుట్టాలొచ్చినప్పుడు, ఎక్కడా కాలు పెట్టే చోటు లేక, అందులో చాప వేసుకుని పక్కకి తిరిగి ఒదిగింది. విచిత్రమేమిటంటే, గట్టిగచ్చయినా ఎక్కడా ఒత్తుకోలేదు. పైగా వెచ్చగా ఉంది, ఎవరో అప్పుడే లేచి వెళ్ళిన పక్కలా. పొయ్యి వేడిలే అనుకుంది. పొయ్యి చూస్తే ఎదుటి గోడకుంది.

మర్నాడు వంటిల్లు కడిగాక తెలిసింది సంగతి. గచ్చంతా ఆరిపోయింది గానీ ఆ సందులో మాత్రం నీళ్ళు నిలిచాయి. గుంట అంటే చేతివేలి మందం కూడా ఉండదు. కానీ నీళ్ళు నిలిచిన తీరు చూస్తే ఒళ్ళు ఝల్లుమంది. ఇక్కడ భుజం. ఇక్కడ తుంటి. కడుపులోకి ముడుచుకున్న మోకాళ్ళు. చివర రెండు మడమలు, ఒకదాని మీద ఒకటి. పక్కకి తిరిగి పడుకున్న మనిషి, అచ్చంగా. గుడ్డతో అద్ది ఆరబెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారని కాదు, విని ఊరుకుంటారని.

అప్పట్లో ఆ గుంట ఆవిడకి చాలేది కాదు. మోకాళ్ళు బయటికొచ్చేవి, భుజం గోడకి తగిలేది. ఏళ్ళు గడుస్తున్నకొద్దీ మోకాళ్ళు లోపలికొచ్చాయి. ఓసారి జాకెట్టు కుడదామని మాస్టరు టేపు పెట్టి, "ఏంటే, భుజం అరంగుళం తగ్గింది? టేపు సాగిందంటావా?" అన్నాడు. ఇంకో ఏడాదికి మరో అరంగుళం. టేపు మార్చాడు ఆయన.

పనిచేసే చోటు మాత్రం ఏం మెరుగు? ఆవిడది లాడ్జిలో పక్కలు మార్చే పని. రోజుకి ఇరవైరెండు గదులు. ముడత లేకుండా దుప్పటి లాగడం, దిండు గలీబు తొడగడం, తల ఆనే చోట అరచేత్తో నిమరడం. అన్ని పరుపుల్లో ఒక్కదాని అంచున కూర్చున్నా మేనేజరమ్మ ఊరుకోదు. "నువ్వు కూర్చుంటే గుంట పడుతుంది, వచ్చినవాళ్ళకి బావుండదు," అనేది. అలాంటి మేనేజరమ్మ ఓరోజు పద్దెనిమిదో గదిలోకి తొంగిచూసి, లైటు తీసేసి, బయట తాళం వేసుకుని వెళ్ళిపోయింది. ఈవిడ లోపల మంచం పక్కనే నిలబడి ఉంది, దిండు గుండెకి ఆనించుకుని. దబదబా తలుపు బాదితే తీసి, నోరెళ్ళబెట్టింది. "అయ్యో, ఉన్నావా? కళ్ళారా చూశానమ్మా, గదిలో ఎవరూ లేరు!"

ఇంటికొచ్చి ఆ ముచ్చట చెప్తే మాస్టరు పడీపడీ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. అన్నం వడ్డిస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"మీ అమ్మగారు ఎక్కడ పడుకునేవారండీ, చుట్టాలొస్తే?"

"అదేం ప్రశ్నే? నాన్న మంచం మీద. మామయ్య ముందుగదిలో కిటికీ కింద. అక్కా నేనూ బల్ల పక్కన. పిన్నీ వాళ్ళు ఇటు గోడవారన. అమ్మ..."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మ... ఆగు, చెప్తాను. మేం పడుకునేటప్పటికి ఇంకా తిరుగుతూ ఉండేది. లేచేటప్పటికీ తిరుగుతూనే ఉండేది." కాసేపు కంచం వంక చూశాడు. "పడుకోగా చూసింది ఒక్కసారే. పోయిన రోజు. వంటింట్లో, ఆ బీరువా పక్కన. ఎంత చిన్నదైపోయిందో మనిషి. ఏదో మూట పెట్టారనుకుని దాటి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. తర్వాత చూశాను."

ఆ రాత్రి చుట్టాలెవరూ లేకపోయినా, మంచం మీద పడుకున్నా, ఆవిడకి కంటిమీద కునుకు రాలేదు.

నెల తిరక్కుండానే మాస్టరు అక్కగారు దిగారు. వాళ్ళాయనకి మోకాలి ఆపరేషను, పదిరోజుల మకాం. ఆయనా, ఎదిగిన కొడుకులిద్దరూ, ఆవిడా. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మగవాళ్ళు ముందుగదిలో చేరబడ్డారు. మాస్టరు సుద్దముక్క తీశాడు.

"బావగారికీ అక్కకీ మంచం. కాలు చాపుకోవాలి కదా ఆయన. కుర్రాళ్ళిద్దరూ ఇక్కడ. నేను గుమ్మం దగ్గర." గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు. "ఎంత ఇరికించినా పిల్లకి చాలట్లేదే. ఫర్వాలేదు, పన్నెండేళ్ళొచ్చాయి, పెద్దదైంది. వాళ్ళమ్మతోపాటు వంటింట్లో ఎక్కడో ఓచోట వాలుతుంది."

"కూతురు కూడా సర్దుబాటమ్మే అన్నమాట!" అన్నాడు బావగారు. కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు.

ఇన్నేళ్ళలో సర్దుబాటమ్మ ఎన్ని మాటలు పడినా మింగింది గానీ ఈ మాట గొంతు దగ్గరే నిలిచిపోయింది. అది కాదు, అని నోరు తెరవబోయేంతలో వంటింట్లోంచి పిల్ల గొంతు వినబడింది, హుషారుగా.

"అమ్మా! ఇక్కడ భలే వెచ్చగా ఉందే! రా చూడు, నాకు సరిగ్గా సరిపోయింది!"

పరిగెత్తింది. పిల్ల ఆ సందులో పక్కకి తిరిగి ఉంది. భుజం ఉండాల్సిన చోట భుజం, మోకాళ్ళు ఉండాల్సిన చోట మోకాళ్ళు, మడమ మీద మడమ. ఎక్కడా వెంట్రుకంత ఎడం లేదు. పట్టపగలు, కిటికీలోంచి ఎండ పడుతోంది, పిల్ల కళ్ళు మాత్రం మూతలు పడుతున్నాయి.

"లే."

"ఉండమ్మా, జోకొడుతున్నావుగా, నిద్రొస్తోంది."

"నేను గుమ్మంలో ఉన్నానే."

పిల్ల కళ్ళు తెరిచింది. గుమ్మంలో ఉన్న తల్లిని చూసింది. తన భుజం వంక చూసుకుంది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఆవిడ వంగి పిల్లని రెండు చేతుల్తో పైకి లాగింది. చెయ్యి వదలకుండా ముందుగది మధ్యలోంచి నడిచింది. గీతలన్నీ కాళ్ళకింద పడ్డాయి. "అత్తా, చెరిగిపోతున్నాయి!" అన్నాడో కుర్రాడు. వెనక్కి చూడలేదు. పడగ్గదిలోకి వెళ్ళి, పెద్దమంచం మీద, నట్టనడిమిన, వెల్లకిలా పడుకుంది. పిల్లని పక్కన పడుకోబెట్టుకుంది. చేతులూ కాళ్ళూ ఎంత దూరం పోతాయో అంత దూరం చాపింది. వీపులో ఒక్కో ఎముకా పరుపుని తాకుతుంటే నొప్పీ హాయీ రెండూ కలిసి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అందరూ చూస్తుండగా ఇంట్లో ఆవిడ నడుం వాల్చడం అదే మొదలు.

మాస్టరు గుమ్మంలోకొచ్చాడు. "ఏంటే, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"మరి ఇది అక్కా వాళ్ళకి గీశాను కదా!"

"మళ్ళీ గీయండి."

"ఎక్కడ గీయను? చోటు లేదే!"

"లేదండీ. ఎప్పుడూ లేదు. మీకు ఇవాళ తెలిసింది, అంతే."

"సర్దుబాటమ్మకి ఏమైందిరా?" అంటున్నాడు బావగారు అవతలి నుంచి. మాస్టరు అక్కగారు లేచి, తమ్ముణ్ణి పక్కకి నెట్టి లోపలికొచ్చింది. మాటంటే చెంప పగిలినట్టుండే మనిషి. ఇప్పుడు ఇల్లెగిరిపోతుందనుకున్నారంతా. ఆవిడ మంచం దగ్గర నిలబడి తల్లినీ కూతుర్నీ తేరిపార చూసింది. చూసి, తలుపు దగ్గరికి వేసింది.

"అటు జరగవే."

జరిగారు. ఆవిడ పిల్లకి అవతలి పక్కన, ఉస్సురుమంటూ ఒరిగింది. పైకప్పు వంకే చూస్తూ, ఎవరితో చెప్తున్నట్టూ కాకుండా అంది. "మా ఇంట్లో మెట్ల కింద. పాతికేళ్ళ నుంచి. ఈమధ్య దాంట్లో అటూ ఇటూ కదలడానికి కూడా చోటు మిగులుతోంది నాకు."

"మరి ఎవరికీ చెప్పలేదేం వదినా?"

"నువ్వు చెప్పావా?"

ముందుగదిలో మగవాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయి. లాడ్జికి పోదామని ఒకరు, పరువు పోతుందని ఒకరు. నలుగురూ అక్కడే ఉన్నారు, నాలుగు గొంతులూ తెలుస్తున్నాయి. అప్పుడు వంటింట్లో అలికిడైంది. ఎవరో గోడ పట్టుకుని, మోకాళ్ళ మీద చేతులానించి, బాగా ముసలివాళ్ళు లేచినట్టు మెల్లమెల్లగా లేస్తున్నారు. గాజులు ఒక్కసారి గలగలమని ఆగాయి. పిల్ల అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆడపడుచు ఊపిరి బిగబట్టింది, ఏదో పిలవబోయి పిలవలేకపోయింది.

సర్దుబాటమ్మకి భయం వెయ్యలేదు. గోడవైపుకి ఇంకాస్త జరిగి, ఖాళీ అయిన చోట దుప్పటి ముడత సాపుచేసింది.

"రండి అత్తయ్యా," అంది. "ఇక్కడ చోటుంది."