చెత్తబుట్టలో లేని కవరు

మధ్యాహ్నం రెండయినా ఆయాకి గుక్కెడు మంచినీళ్లు తాగే తీరిక దొరకలేదు. సంతాన చికిత్స చేసే ఆ ఆసుపత్రి ల్యాబులో నేల తుడవడం, చెత్త ఎత్తడం ఆవిడ పని. పొద్దున్నుంచి పద్నాలుగు జంటలు. పదిహేనో జంట ఆవిడ చెల్లెలూ, మరిదీ.

మరిదిది వెల్డింగు పని. ఆ సెగకో మరి దేనికో, వీర్యకణాల్లో చురుకు లేదన్నారు. ఉన్నవాటిలో చురుకైనవి వేరుచేసి భార్య గర్భంలోకి ఎక్కించాలి. అందుకు అక్కడ రెండు పద్ధతులు. పాతది, గొట్టంలో పోసి మిషన్లో గిర్రున తిప్పడం. కొత్తది, వేలెడంత ప్లాస్టిక్ బిళ్లలో పోయడం. ఈదగలిగినవి వాటంతటవే అవతలి కొసకు చేరతాయి. బిళ్ల ఒక్కరికే. వెండిరంగు కవరు చింపి, వాడి, పారేయడమే. ఖరీదు పాతదానికి మూడింతలు.

"కొత్తదే చేయించుకోండే. మా తమ్ముడు దగ్గరుండి చేస్తాడు" అని చెల్లెలికి చెప్పింది ఆయానే. ఆ డబ్బు కోసం చెల్లెలు కుట్టుమిషన్ అమ్మేసింది. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు, ల్యాబు టెక్నీషియన్. ఆరేళ్లుగా ఆవిడ క్యారేజీలో సగం అతనిదే.

మరిది పేరు రాసిన సిరంజి పక్కగదికి వెళ్లాక ఆయా చెత్తబుట్ట ఎత్తింది. చేతితొడుగులు, దూది, గొట్టాల మూతలు. వెండి కవరు లేదు. నిన్నా లేదు. తలచుకుంటే, పదిహేను రోజులుగా ఆ బుట్టలో వెండి మెరుపే లేదు. రోజూ ఎత్తిపోస్తూ కూడా ఆవిడ గమనించలేదు.

"తమ్ముడూ, కవరేదీ?"

"ఏ కవరక్కా?"

"నా దగ్గరా నీ వేషాలు? మా చెల్లెలు వాళ్లది."

అతను తలెత్తలేదు. తిప్పే మిషన్ మూత తుడుస్తున్నాడు.

"సరుకు రావట్లేదక్కా. పాతదాన్లోనే తిప్పెయ్యమంది డాక్టరమ్మ. అయినా నష్టమేం లేదులే. నూరుమందికి అదీ ఇదీ చేసి పోల్చి చూశాం. కడుపులు నిలిచింది ఒక్కలాగే."

"ఒక్కలాగే అయితే మూడింతలెందుకు గుంజారు?"

"నన్నడుగుతావేంటి? నేను జీతగాణ్ణి."

"నేనేదో ఓనర్నయినట్టు! నా చేతికూడు తింటూ, నా చెల్లెలికేనా..."

"కొత్తదే మంచిదని బయట కూర్చున్న ప్రతివాళ్లకీ చెప్పేది నువ్వేగా అక్కా. నీ మాట మీదే సగంమంది కట్టారు."

ఆయా చెంప చెళ్లుమన్నట్టయింది. అతనన్నది అబద్ధం కాదు మరి.

పక్కగదిలోంచి డాక్టరమ్మ కేకేసింది. ఆయా బుట్ట కింద పెట్టడం కూడా మర్చిపోయి అలాగే వెళ్లింది. మంచం మీద చెల్లెలు దుప్పటి అంచు గుప్పిట బిగించి పడుకుని ఉంది. సిరంజి డాక్టరమ్మ చేతిలో ఉంది. సగం తెరిచిన తలుపు అవతల, బెంచీల మీద తమ వంతు కోసం జంటలు.

"అక్కా, కొత్త బిళ్లలోనే వేశారుగా?"

"చెప్పవమ్మా," డాక్టరమ్మ నవ్వింది. "నీ నోటితో వింటేగానీ మీ చెల్లెలికి ధైర్యం రాదట."

ఇన్నేళ్లూ అడిగిన వెంటనే పలికిన నోరది. ఈ నెల తప్పితే మళ్లీ ఎప్పటికో. ఉద్యోగం సంగతి సరేసరి. ఆయా బుట్టను మంచం పక్కనున్న స్టూలు మీద పెట్టింది.

"లేదమ్మా," అంది, బెంచీల దాకా వినపడేలా. "చూడు, ఇందులో కవరు లేదు."

సిరంజి గాల్లోనే ఆగింది. బయట ఎవరో బెంచీ మీంచి లేచిన చప్పుడైంది.