కోటు తెచ్చిన కన్నీళ్ళు

మా ఆయన పోయిన వారానికి ఫ్యాక్టరీ మేనేజరు కోటు వేసుకుని పరామర్శకు వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడో లేదో, కళ్ళవెంట బొటబొటా నీళ్ళు. తుడుచుకోకుండా అందరికీ కనబడేలా ముఖం తిప్పితిప్పి చూపించాడు.

"ఎంత మెత్తని మనసు నాయనా!" అని మా అత్తగారు కరిగిపోయారు.

నాకు ఒళ్ళు మండింది. బతికుండగా మా ఆయన్ను ఈ మనిషి ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. "ఏయ్, డ్రమ్ములోడా" అనేవాడు.

మా ఆయన పని బెంజైల్ బ్రోమైడ్ అనే రసాయనాన్ని డ్రమ్ముల్లోంచి సీసాల్లోకి వంచడం. "చూడ్డానికి మంచినీళ్ళే. కానీ నీళ్ళలో పోస్తే కలవదు, అడుక్కి దిగి కూర్చుంటుంది, చుట్టపుచూపుకొచ్చిన మీ పెద్దమ్మలాగా" అని నవ్వేవాడు. దాని వాసన ముందు కమ్మగానే ఉంటుంది, వెంటనే కళ్ళలో కారం కొట్టినట్టవుతుంది. ఆవిరి బట్టలకు పట్టిందంటే ఓ పట్టాన వదలదు. ఆయన చొక్కాలు పెరట్లో గాలికి ఆరేశాకే ఉతికేదాన్ని.

ఆ ఆవిరిని బయటికి లాగే ఫ్యాను చెడిపోయింది. బాగుచేయించమని ఆయన అడగని రోజు లేదు. చివరికి ఒక డ్రమ్ము ఒలికి, గదంతా ఆవిరి కమ్మి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు.

ఇప్పుడు అదే పనిలోకి మా మరిదిని రమ్మంటున్నాడు మేనేజరు.

"ఫ్యాను మర్నాడే బాగుచేయించానమ్మా. ఆ గదిలో ఇప్పుడు వాసనన్నదే లేదు. నేను అట్నుంచే వస్తున్నా," అన్నాడు ముక్కు చీదుకుంటూ.

"సార్ ఇంతలా ఏడుస్తుంటే అబద్ధమెలా అవుతుంది వదినా? రేపట్నుంచి వెళ్తాను," అన్నాడు మరిది. మేనేజరు పక్కనే కూర్చున్న అతని కళ్ళూ ఎర్రబడ్డాయి. గుమ్మం దగ్గరున్న నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కమ్మటి వాసన. ఆ వెనకే కారం.

"ఉక్కగా ఉంది, కోటు ఇలా ఇవ్వండి," అన్నాను. పెరట్లో తీగమీద తగిలించి వచ్చి, కిటికీలన్నీ తెరిచాను. కాసేపటికి ఆ మహానుభావుడి దుఃఖం ఇట్టే ఆరిపోయింది. మా అత్తగారు మాత్రం ఏడుస్తూనే ఉన్నారు. ఆవిడది కొడుకు పోయిన ఏడుపు.

"వెళ్ళి ఆ కోటు వాసన చూసి రావయ్యా," అన్నాను మరిదితో.

వెళ్ళాడు. కళ్ళు నులుముకుంటూ తిరిగొచ్చి, కోటును మేనేజరు ఒళ్ళో పడేశాడు.

"రేపు వస్తావుగా?" అని అడిగాడు ఆ సిగ్గులేని మనిషి.

"ఆ గదిలో మీరే కూర్చోండి సార్. మీకు ఏడుపు బాగా వస్తుంది."

మేనేజరు కోటు తొడుక్కుని, మళ్ళీ కన్నీళ్ళు కార్చుకుంటూ వీధిలోకి నడిచాడు. ఆయనది ఎంత మంచి మనసో ఎదురింటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.