సున్నా చూపిన పంకా

నేను ఒక గాలికొలత పరికరాన్ని. అరచేతిలో ఇమిడే ఒళ్లు, నెత్తిన రూపాయి బిళ్లకంటే కాస్త పెద్ద ప్లాస్టిక్ పంకా, పొట్ట మీద అంకెలు వెలిగే అద్దం. ఇంతే నేను. నన్ను తయారుచేసినచోట ఒక గొట్టంలో పెట్టి ముందు పెనుగాలి వదిలారు, తరవాత గాలి పూర్తిగా ఆపేశారు. గాలి ఉన్నప్పుడు తిరగడం ఏ పంకాకైనా చేతనవును. లేనప్పుడు లేదని చెప్పగలనా అన్నదే అసలు పరీక్ష. నెగ్గాను. ఆ నెగ్గడం ఎవరికీ పనికిరాలేదు.

హైదరాబాదులో త్రివిక్రమ్ నన్ను కొనుక్కున్నాడు. కట్టబోయే భవనాన్ని ముందే కంప్యూటర్లో కట్టి, అందులో ఎంత ఉక్కపోస్తుందో, ఎంత కరెంటు కాలుతుందో చెప్పడం అతని వృత్తి. మనుషుల్ని ముఖం చూసి పోల్చుకోవాలంటారు. నాకు అరచెయ్యి చాలు. ఎదుటివాళ్లకి అబద్ధం చెప్పేటప్పుడు త్రివిక్రమ్ అరచెయ్యి చల్లబడేది. తనకు తాను చెప్పుకునేటప్పుడు మాత్రం వెచ్చగా, హాయిగా ఉండేది.

అతనికో సూత్రం ఉంది. సభల్లో నన్ను పైకెత్తి చూపిస్తూ చెప్పేవాడు: "ఏసీ ఉన్నచోట గాలికి ఏదో ఒక అంకె వేసుకున్నా పెద్ద నష్టం లేదు. ఏసీ లేనిచోట మాత్రం గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో లెక్క కట్టి తీరాలి. అక్కడ మనిషికి గాలే దిక్కు." చప్పట్లు మోగేవి. నేనూ నమ్మాను.

ఒక బట్టల కంపెనీ అతనికి రెండు పనులు కలిపి ఇచ్చింది. నగరంలో అద్దాల ఆఫీసు ఒకటి. విశాఖ అవతల, కుట్టుపని చేసే ఆడవాళ్ల హాస్టలు మీద ఇంకో అంతస్తు రెండోది. ఆఫీసుకి ఏసీ ఉంది, హాస్టలుకి లేదు. త్రివిక్రమ్ ఆఫీసులో గాలి నడకంతా లెక్కగట్టి, నీలం ఎరుపు రంగుల్లో బొమ్మలు వేయించాడు. యజమానులు చూసి మురిసిపోయారు. ఈలోగా గడువు నెత్తిమీదికొచ్చింది. హాస్టల్లో ఒక్క గది కొలిచి, ఆ అంకే పై అంతస్తుకీ వేసేద్దామని నన్ను జేబులో వేసుకుని బయల్దేరాడు.

ఆ గదికి ఒకవైపే కిటికీ. దాని రెక్కలకి మేకులు కొట్టి ఉన్నాయి.

"రోడ్డు మీద కుర్రాళ్ల చూపులు సార్. పరువు ముఖ్యం కదండీ," అంది వార్డెన్ కస్తూరమ్మ.

మంచం మీద బంగారి కూర్చుని ఉంది. ఉబ్బసం మనిషి. మిషను మీదే ఊపిరాడక కూలబడిందట. ఇంకోసారి అలా జరిగితే పనిలోంచి తీసేస్తామన్నారట. త్రివిక్రమ్ నన్ను గది నడుమ పట్టుకున్నాడు. సున్నా. కిటికీ దగ్గర పట్టుకున్నాడు. సున్నా.

"ఏటి బాబూ, మీ పంకా కూడా నాలాగే సొమ్మసిల్లిపోనాదా?" బంగారి నవ్వింది. నవ్వు దగ్గయిపోయింది. "పైన కట్టే గదులకైనా అటు గోడకి ఓ కన్నం ఎట్టించండి బాబూ. నన్ను పైకే మారస్తారంట."

"చూద్దాంలేమ్మా." అరచెయ్యి చల్లబడింది.

సున్నా అంటే మేకులు పీకించాలి, గోడకి అవతల దారి పెట్టాలి, అంతా మొదటినుంచి లెక్క కట్టాలి. "బ్యాటరీ పోయినట్టుంది," అని గొణిగి, నన్ను నోటిదగ్గర పెట్టుకుని ఉఫ్‌మని ఊదాడు. తిరిగాను. ఏం చేయను, గాలి తగిలింది. అంకె వెలిగింది. అతను దాని వైపే చూస్తూ ఉండిపోయాడు. అరచెయ్యి మెల్లగా వెచ్చబడింది.

తిరుగు రైల్లో ల్యాప్‌టాప్ తెరిచి, హాస్టలు గాలి ఎంత అన్నచోట ఆ అంకే వేశాడు. తప్పు చేస్తున్నాననుకోలేదు. 'కొలిచాను కదా' అనుకున్నాడు. కంప్యూటర్లో హాస్టలంతా ఒక మగవాడి ఊపిరితో చల్లబడింది. గాలి పుష్కలంగా ఉందని నివేదిక వెళ్లింది. గోడలకి కన్నాలు దండగని మానేశారు. పై గదుల కిటికీలకి మేకులు మాత్రం మొదటిరోజే పడ్డాయి.

మే నెలలో బంగారి పై అంతస్తులో, నిద్రలోనే పోయింది. ఉబ్బసం మనిషి కదా అన్నారు అందరూ. ఎందుకైనా మంచిదని కంపెనీ త్రివిక్రమ్‌ని పిలిచింది. అతను వెళ్లేసరికి ఆమె మంచం మీద ఇంకో అమ్మాయి పక్క పరుచుకుంది. నన్ను ఆ మంచం మీదుగా పట్టుకున్నాడు. సున్నా. కొత్త బ్యాటరీలు వేశాడు. సున్నా. కస్తూరమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"పాతదైపోయిందండీ. దీని మాట నమ్మడానికి లేదు," అన్నాడు.

అతని చెయ్యి అంత వెచ్చగా ఉండడం నేనెప్పుడూ ఎరగను.

ఇప్పుడు నేను అద్దాల ఆఫీసు ముందుగదిలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. త్రివిక్రమే బహూకరించాడు. పైన "కొలిచే కడతాం" అని ఇత్తడి పలక. బయట ఏసీ గాలి, బొమ్మలో గీసినట్టే మెత్తగా నడుస్తుంది. నా పెట్టె నాలుగువైపులా బిగించేశారు. కొత్త బ్యాటరీలు ఇంకా ప్రాణంతో ఉన్నాయి, అడిగేవాళ్లు లేకపోయినా నా పొట్ట మీద సున్నా వెలుగుతూనే ఉంది.

మొన్న ఎవరో అతిథి వంగి చూసి, "ఇది పనిచేస్తుందాండీ?" అని అడిగాడు.

త్రివిక్రమ్ నవ్వాడు. "ఎందుకు చేయదండీ! ఊదితే తిరుగుతుంది."